పదకొండు చేతులు, ఒకటే తాళంచెవి

మేము పదకొండు మంది టీచర్లం. ఉట్నూరు చుట్టూ ఉన్న గూడేల బడుల్లో పనిచేస్తున్నాం. మాలో గోండులు ఎక్కువ. కొలాములు ఇద్దరు, పర్ధాన్ ఒకరు, తోటి ఒకరు. అందరం డైట్‌లో రెండేళ్ల టీచర్ ట్రైనింగ్ చేసి వచ్చినవాళ్లమే. కంప్యూటర్ చదువులు మాకు లేవు. అయినా ఈ వ్యాసం ఒక వెబ్‌సైట్ గురించీ, దాని తాళంచెవి గురించీ. మేము చేసిన తప్పు ఇంకో గూడెం టీచర్లు చేయకూడదని రాస్తున్నాం.

2020 మార్చిలో బడులు మూతబడ్డాయి. పాఠాలు టీవీలో, ఫోన్లో వచ్చాయి. కానీ మా ఒకటో తరగతి పిల్లల ఇంటి భాష గోండి. టీవీలో వచ్చే తెలుగు వాళ్లకు సగం అందేది, సగం అందేది కాదు. అప్పుడు మేమే ఒక పని మొదలుపెట్టాం. గోండి మాటలకు పక్కన తెలుగు మాటలు, అమ్మమ్మలు చెప్పే కథలు, పిట్టల పేర్లు, చెట్ల పేర్లు, పిల్లలు గీసిన బొమ్మలు ఒకచోట చేర్చాలనుకున్నాం. తలా కొంత వేసుకుని ఏడాదికి సరిపడా చోటు కొన్నాం. మా దగ్గర చదువుకుని డిగ్రీకి వెళ్లిన ఒక పిల్లవాడు వర్డ్‌ప్రెస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో సైట్ కట్టి ఇచ్చాడు.

లాగిన్ ఒకటే. పేరు 'అడ్మిన్'. పాస్‌వర్డ్ మా మండలం పేరు, పక్కన మూడు అంకెలు. దాన్ని ఒక కాగితం మీద రాసి, ఫోటో తీసి అందరికీ పంపాం. పదకొండు మంది ఫోన్లలో అది చేరింది. అప్పుడు మాకు అది చాలా మంచి పద్ధతి అనిపించింది. మనలో మనకు తాళాలేమిటి అనుకున్నాం. గూడెంలో ఇంటికి తడిక తలుపే కదా ఉండేది.

మొదటి దెబ్బ చిన్నదే. పిట్టల పేర్ల పేజీలో ఒక మాటకు దీర్ఘం ఉండాలని ఒకరు దిద్దారు. మర్నాటికి ఆ దీర్ఘం పోయింది. మళ్లీ వచ్చింది. మళ్లీ పోయింది. ఉట్నూరు వైపు ఒక పలుకుబడి, ఆసిఫాబాద్ వైపు ఇంకో పలుకుబడి. కూర్చుని మాట్లాడుకుంటే తేలే విషయమే. కానీ దిద్దింది ఎవరో తెలియదు. వర్డ్‌ప్రెస్ పాత ప్రతులను దాచి ఉంచుతుంది, ఏది ఎప్పుడు మారిందో చూపిస్తుంది. చూస్తే ప్రతి మార్పు పక్కనా ఒకటే పేరు. అడ్మిన్, అడ్మిన్, అడ్మిన్. అందరమూ అడ్మిన్‌మే. దానితో ఒకరి మీద ఒకరికి అనుమానం మొదలైంది. రెండు నెలలు ఇద్దరు టీచర్లు మాట్లాడుకోలేదు.

రెండో దెబ్బ పెద్దది. మాలో ఒకరు ఒక పర్ధాన్ తాత దగ్గర కూర్చుని ఒక పాట ఫోన్లో పట్టుకున్నారు. ఎంత బాగుందో అని ఆ రాత్రే సైట్‌లో పెట్టేశారు. మంచి మనసుతోనే చేశారు. మాలోని పర్ధాన్ టీచర్‌ను అడిగి ఉంటే వద్దనేవారు. అడగలేదు. అడగాల్సిన అవసరం ఆ సైట్‌లో ఎక్కడా లేదు. నొక్కితే లోకం ముందుకు వెళ్లిపోతుంది. అది ఏ పాటో ఇక్కడ కూడా చెప్పం.

వారం తర్వాత తాత కబురు పంపాడు. నలుగురం వెళ్లాం. రాం రాం చెప్పుకున్నాం. మంచం వాల్చాడు, చాయ్ ఇప్పించాడు. చాయ్ తాగేదాకా ఆ మాట ఎత్తలేదు.

"సారూ, మీరు ఫోన్ల పట్టుకుంటుంటె నేను వద్దనలే. మర్చిపోకుండ ఉంటందుకు అనుకున్న. ఊరూరికి పంచుతరనుకోలే."

"తప్పయింది తాతా."

"తప్పు సంగతి కాదు. ఆ పాటకు రోజున్నది, జాగ ఉన్నది. ఇంటోళ్లు పిలవాలె, కటోడ ముందుండాలె, అప్పుడు నేను కింగ్రి పట్టుకుంట. ఇయ్యాల నా మనుమడు అన్నం తినుకుంట ఫోన్ల వింటున్నడు. రేపు నన్నెవరు పిలుస్తరు?" కాసేపాగి అడిగాడు. "మీ బడికి తాళమున్నదా?"

"ఉన్నది తాతా."

"తాళంచెవి ఎవలకాడ ఉంటది?"

"హెడ్మాస్టర్ దగ్గర. వంటగదిది వంటామె దగ్గర."

"మరి దీనికి?"

ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. పదకొండు మంది దగ్గర ఉందని చెప్పడానికి నోరు రాలేదు.

తిరిగి వస్తూ దారి పొడుగునా అదే మాట్లాడుకున్నాం. వంటామెకు వంటగది తాళంచెవి ఇస్తాం, ఆఫీసు బీరువాది ఇవ్వం. అది ఆమె మీద అనుమానం కాదు. హెడ్మాస్టర్‌కు బీరువా తాళంచెవి ఉంటుంది కానీ ఆమె పొయ్యి దగ్గర ఆయన పెత్తనం చేయడు. పెర్సపేన్ పూజలో కటోడ పని కటోడదే, పర్ధాన్ పని పర్ధాన్‌దే. కేస్లాపూర్ నాగోబాకు గోదావరి నీళ్లు తెచ్చేది మెస్రం వంశంవాళ్లే. జాతరకు మాత్రం అందరూ వస్తారు, అందరూ మొక్కుతారు. ఎవరు ఏది చేయాలో, ఎవరు ఏది చూడాలో మా పెద్దలు ఎప్పుడో ఏర్పాటు చేసుకున్నారు. కంప్యూటర్ ముందు కూర్చోగానే మేము అదంతా మరిచిపోయాం.

సైట్ కట్టిన పిల్లవాడిని పిలిచాం. అతను నవ్వి, "సార్, ఆ ఏర్పాటు దాంట్లో మొదటి నుంచీ ఉంది. మీరే వాడుకోలేదు" అన్నాడు. బడి నల్లబల్ల మీద రాసి మరీ చెప్పాడు.

వర్డ్‌ప్రెస్‌లో ఐదు రకాల మనుషులుంటారు. సబ్‌స్క్రైబర్ లాగిన్ అయి చదువుతాడు, అంతే. కంట్రిబ్యూటర్ రాస్తాడు కానీ తనంతట తాను ప్రచురించలేడు, బొమ్మలు ఎక్కించలేడు. ఆథర్ తన రాతలు తానే ప్రచురిస్తాడు, బొమ్మలు పెడతాడు, ఇంకొకరి రాత ముట్టుకోలేడు. ఎడిటర్ అందరి రాతలూ దిద్దగలడు, ప్రచురించగలడు, తీసేయగలడు. అడ్మినిస్ట్రేటర్ అన్నీ చేస్తాడు. మనుషులను చేర్చడం, తీసేయడం, సైట్ రూపు మార్చడం, సాఫ్ట్‌వేర్‌కు కొత్త భాగాలు తగిలించడం అతని పని.

ఇది కూడా ఒక్కరోజులో వచ్చింది కాదట. మొదట్లో వర్డ్‌ప్రెస్‌లో సున్నా నుంచి పది దాకా మెట్లుండేవి. మనిషికి ఒక అంకె ఇచ్చేవారు. అంకె పెరిగేకొద్దీ అధికారం పెరిగేది. 2005 డిసెంబరులో వచ్చిన 2.0 నుంచి ఆ అంకెలు పోయి ఈ ఐదు పాత్రలు వచ్చాయి. అసలు మార్పు పేర్లలో లేదు. 'నీది ఎన్నో మెట్టు' అని అడగడం మాని, 'ఈ పని చేసే వీలు నీకుందా' అని అడగడం మొదలుపెట్టారు. అప్పటికే నడుస్తున్న సైట్లలోని పాతవాళ్లను రోడ్డు మీద వదిలేయలేదు. ఎనిమిది నుంచి పది మెట్లవాళ్లు అడ్మినిస్ట్రేటర్లు, ఐదు నుంచి ఏడు ఎడిటర్లు, రెండు నుంచి నాలుగు ఆథర్లు, ఒకటి కంట్రిబ్యూటర్, సున్నా సబ్‌స్క్రైబర్ అని మార్చుకొచ్చారు. ఉన్న ఇంట్లో కొత్తగా గదులు కట్టేటప్పుడు ఉన్నవాళ్లకు ముందు చోటు చూపించాలన్న ఇంగితం అది.

మాకు ఆ ఇంగితం ఆలస్యంగా వచ్చింది.

మొదటి సమావేశం గొడవతో ముగిసింది. మాలో వయసులో చిన్నవాళ్లు ఇద్దరు, ముందే కాగితం మీద పేర్లు రాసుకొచ్చారు. ఎవరికి కంప్యూటర్ బాగా వస్తే వాళ్లు పైన, రానివాళ్లు కింద. మా అందరిలో పెద్ద సారును కంట్రిబ్యూటర్ అని రాశారు. ఆయన రిటైర్మెంట్‌కు రెండేళ్లుంది. ఒంటి వేలితో టైపు చేస్తారు. మొదటి ఏడాది చోటు కొనడానికి అందరికంటే ఎక్కువ వేసింది ఆయనే. ఆ కాగితం చదివి, మడిచి, బల్ల మీద పెట్టి ఒకటే మాటన్నారు.

"అనుమతి అనే మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్న. వెదురు నరుకుటానికి అనుమతి, పోడు కొట్టుటానికి అనుమతి, అడవిల పశువుల మేపుటానికి అనుమతి. మనోళ్ల దగ్గర కూడ తీసుకోవాల్నా?"

బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు.

ఆ మాట మమ్మల్ని చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. నిజమే. మాకు ఈ మాట చేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణం ఇచ్చింది మా అడవిలో మేము బతకడానికి ఎవరినో అడగాల్సిన పని లేదనే. 2006 చట్టానికి అటవీ హక్కుల చట్టం అనే పేరు రావడానికి కూడా వెనుక ఎంత పోరాటం ఉందో మనకు తెలుసు. హక్కు వేరు, అనుమతి వేరు. ఒకటి మనది, ఇంకొకటి ఎవరో ఇచ్చేది, వాళ్లకు కోపం వస్తే తీసుకునేది. మేము తెలియకుండానే మా సారును అడిగి తీసుకునేవాడి స్థానంలో నిలబెట్టాం.

పదిహేను రోజులకు ఆయన ఇంటికే వెళ్లాం. ఈసారి కాగితం మీద పేర్లు లేవు. పనులు మాత్రమే రాసుకున్నాం. మాటలు సేకరించడం, టైపు చేయడం, గోండి సరిచూడడం, తెలుగు సరిచూడడం, బొమ్మలు ఎక్కించడం, పిల్లల రాతలు చూడడం, ప్రచురించడం, సాఫ్ట్‌వేర్ సరిచేసి వారానికోసారి నకలు తీసి దాచడం. ఎనిమిది పనులు. గడిచిన ఆరు నెలల్లో ఎవరు ఏ పని చేశారో ఎవరికి వారే చీటీ మీద రాయమన్నాం.

చీటీలు విప్పితే మాకే ఆశ్చర్యం. సాఫ్ట్‌వేర్ పని చేసింది ఇద్దరే. మిగతా తొమ్మిది మందిమి అడ్మిన్‌గా ఉండి కూడా ఆ గది వైపు పోనేలేదు. గోండి మాటలు సరిచూసింది మాత్రం దాదాపు అన్నీ పెద్ద సారే. ఫోన్ చేసి చెబితే ఇంకొకరు దిద్దేవారు. అంటే ఎడిటర్ పని ఆయన మొదటి నుంచీ చేస్తున్నారు. టైపు వేగం చూసి మా చిన్నవాళ్లు ఆయనను కింద రాశారు. భాష లోతు చూస్తే ఆయన ఉండాల్సింది అక్కడ కాదు.

అలా తేలింది. ఇద్దరు అడ్మినిస్ట్రేటర్లు, ముగ్గురు ఎడిటర్లు, ఆరుగురు ఆథర్లు. ఎనిమిదో తరగతి పిల్లలు కొందరు కంట్రిబ్యూటర్లు. నల్లబల్ల మీద 'అనుమతులు' అని రాసిన మాట తుడిచేసి 'పనులు' అని రాశాం.

అయితే ఒక చిక్కు మిగిలింది. అడ్మినిస్ట్రేటర్ ఏమైనా చేయగలడు. పెద్ద సారు దిద్దిన మాటను కూడా మార్చగలడు. ఆ పాత్ర తీసుకున్న కుర్ర టీచర్ హాస్టళ్లలో పెరిగాడు, గోండి అంతగా రాదు. అతన్ని సాఫ్ట్‌వేర్ ఆపదు. అందుకే అతను అందరి ముందు మాట ఇచ్చాడు, గోండి మాటల జోలికి పోనని. సాఫ్ట్‌వేర్ ఆపలేని చోట మాట ఆపాలి. అతను రోజూ పని చేసుకోవడానికి ఆథర్‌గా ఇంకో లాగిన్ పెట్టుకున్నాడు. అడ్మినిస్ట్రేటర్ లాగిన్‌ను అవసరమైన రోజే తెరుస్తాడు. ఇది అతనికి అతనే పెట్టుకున్న కట్టడి.

ఇక పాత సరుకు. రెండు వందలకు పైగా పేజీలు, అన్నీ 'అడ్మిన్' పేరు మీదే. కొత్త సైట్‌కు ఈ బాధ ఉండదు, నడుస్తున్న సైట్‌కే ఉంటుంది. రెండు ఆదివారాలు కూర్చుని ఒక్కో పేజీ తెరిచి, ఇది ఎవరిదని అడిగి వారి పేరు మీదికి మార్చాం. కొన్ని ఎవరివో తేలలేదు. వాటికి 'అందరిదీ' అనే పేరుతో ఒక ఖాతా పెట్టాం. దీర్ఘం దగ్గర మాటలు మానేసిన ఇద్దరూ ఆ రోజే పక్కపక్కన కూర్చున్నారు. ఇప్పుడు ఆ మాటకు రెండు పలుకుబడులూ పక్కపక్కనే ఉన్నాయి, ఏది ఎటువైపుదో రాసి.

పాత 'అడ్మిన్'ను తీసేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఒక ప్రశ్న అడుగుతుంది. ఇతని రాతలన్నీ తీసేయాలా, ఇంకొకరి పేరు మీదికి మార్చాలా? అక్కడ తొందరపడితే ఏళ్ల పని చెత్తబుట్టలోకి పోతుంది. బదిలీ అయి వెళ్లిన టీచర్ ఖాతా తీసేసేటప్పుడు కూడా ఇదే ప్రశ్న వస్తుంది. తోటి టీచర్లు ఇది గుర్తుంచుకోవాలి.

పిల్లల నుంచి ఒక ఫిర్యాదు వచ్చింది. ప్రచురించాక తమ రాతలో తప్పు కనిపిస్తే తామే దిద్దుకోలేకపోతున్నారు. కంట్రిబ్యూటర్‌కు ఆ వీలు లేదు. బొమ్మలు కూడా టీచరే ఎక్కించాలి. వాళ్ల బాధ న్యాయమైనదే. ఏడాది పాటు బాగా రాసిన పిల్లలను ఆథర్లుగా చేద్దామని అనుకున్నాం. పాత్ర అంటే నుదుటి రాత కాదు, పని నేర్చుకున్నకొద్దీ మారాలి.

అన్నీ అయ్యాయనుకున్నాం. తాత పాట పేజీని అందరికీ కనిపించకుండా 'ప్రైవేట్' చేశాం. సంతోషంగా వెళ్లి చెబుదామనుకునేలోపు మాలోని పర్ధాన్ టీచర్ ఫోన్ తెచ్చి చూపించారు. ఎవరో పంపిన పాత లింకు. నొక్కితే పాట మోగింది!

పేజీ మూసేశాం కానీ పాట ఉన్న ఫైలు మూతపడలేదు. వర్డ్‌ప్రెస్‌లో రాత ఒకచోట ఉంటుంది, ఎక్కించిన పాటలూ బొమ్మలూ ఇంకోచోట ఉంటాయి. పేజీని ప్రైవేట్ చేసినా, ఆ ఫైలు లింకు తెలిసినవారు నేరుగా తెరవగలరు. పైగా ప్రైవేట్ పేజీ ఎడిటర్లందరికీ, అడ్మినిస్ట్రేటర్లకూ కనిపిస్తూనే ఉంటుంది. ఆ పాట వినే హక్కు ఎవరిది అనే ప్రశ్నకు, ఎడిటర్ అనే పాత్రకు ఏమిటి సంబంధం?

ఫైలు పూర్తిగా తీసేశాం. మళ్లీ తాత దగ్గరికి వెళ్లాం. దాచకుండా అంతా చెప్పాం. సైట్‌లో లేదు తాతా, కానీ ఫోన్ల లోకి వెళ్లినవి వెనక్కి తేలేం అన్నాం. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి, "చెప్పి పోయిండ్రు, మంచిగైంది" అన్నాడు. క్షమించాడని మేము అనుకోవడం లేదు.

తర్వాత మాకు తెలిసింది, ఈ దారిలో మాకంటే ముందు నడిచినవాళ్లున్నారని. ఆస్ట్రేలియాలో టెనెంట్ క్రీక్ దగ్గర వరుముంగు అనే ఆదివాసులున్నారు. వాళ్లకూ ఇదే కష్టం. ఫోటోలు, పాటలు కంప్యూటర్‌లోకి వచ్చాయి, కానీ ఏవి ఎవరు చూడాలో వాళ్ల కట్టుబాట్లు వాళ్లకున్నాయి. కొన్ని ఆడవాళ్లకే, కొన్ని మగవాళ్లకే, కొన్ని ఆ కుటుంబానికే. కిమ్ క్రిస్టెన్ అనే పరిశోధకురాలితో కలిసి వాళ్లు ఆ కట్టుబాట్లనే సాఫ్ట్‌వేర్‌లో పెట్టించారు. 2007లో వాళ్ల సాంస్కృతిక కేంద్రంలో మొదలైన ఆ పని తర్వాత డ్రూపల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మీద కట్టిన ముకుర్తు అయింది. ఇప్పుడు ఇతర దేశాల మూలవాసులు కూడా దాన్ని వాడుతున్నారు. ముకుర్తు అంటే వాళ్ల భాషలో సంచి. పవిత్రమైన వాటిని పెద్దలు దాచుకునే సంచి. కావాలంటే వెళ్లి, పద్ధతిగా పెద్దలను అడగాలి.

ఇది చదివినప్పుడు మాకు తాత మంచం గుర్తొచ్చింది. వర్డ్‌ప్రెస్ పాత్రలు పత్రికాఫీసులాంటి చోటు కోసం పుట్టినవి. రాసేవాడు, దిద్దేవాడు, యజమాని. అక్కడ ప్రశ్న 'ఎవరు మార్చవచ్చు' అని. మన దగ్గర అంతకంటే పెద్ద ప్రశ్న 'ఎవరు వినవచ్చు, ఎప్పుడు వినవచ్చు' అని. ముకుర్తు ఆ రెండో ప్రశ్నను కూడా అడుగుతుంది. దాన్ని నడిపే శక్తి మాకింకా లేదు. అందాకా ఒకటే నియమం పెట్టుకున్నాం. అందరికీ కానిది అసలు ఎక్కించం. ఎక్కించేముందు పాడినవారిని అడుగుతాం. పట్టుకోవడానికి ఒకసారి, పంచడానికి ఇంకోసారి. రెండూ వేర్వేరు ప్రశ్నలు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో చాలామంది మాకంటే బాగా ఈ పనులు చేయగలరు. మీ గూడెం భాష కోసం ఏదైనా మొదలుపెడితే, మొదటి రోజే ఎవరి లాగిన్ వారికి ఇవ్వండి. పనులు ముందు రాయండి, పేర్లు తర్వాత. అడ్మినిస్ట్రేటర్ ఒక్కరే ఉండకూడదు, పదకొండు మందీ ఉండకూడదు. టైపు రానివాళ్లను కింద రాయకండి.

మాకు ఇంకా తేలని విషయం ఒకటుంది. ఏటేటా చోటుకు డబ్బు కట్టే ఖాతా, సైట్ పేరు, రెండూ మాలో ఒకరి పేరు మీదే, ఒకరి ఫోన్ నంబర్ మీదే ఉన్నాయి. ఆ తాళంచెవి వర్డ్‌ప్రెస్ బయట ఉంది. దాని ముందు అడ్మినిస్ట్రేటర్ కూడా చిన్నవాడే. రేపు ఆ మనిషికి బదిలీ అయితే, ఆ నంబర్ మారితే? ప్రస్తుతానికి ఆ వివరాలన్నీ ఒక నోటు పుస్తకంలో రాసి, పెద్ద సారు ఇంట్లో ఇనప పెట్టెలో పెట్టాం. ఆ పెట్టె తాళంచెవి ఆయన నడుముకుంటుంది. వచ్చే సమావేశంలో మొదటి మాట అదే.